హాస్టల్ పిల్లల్లో వేపింగ్: బయటి దేశాల అధ్యయనాలు చెప్పే కారణాలు మనకి ఎంతవరకు పనికొస్తాయి?

లక్ష్మీపురం బయాలజీ (గుంటూరు)

నమస్తే అండి. మా క్యాంపస్‌లో తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్ కలిపి 200 మంది దాకా హాస్టల్ పిల్లలున్నారు. వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఈ-సిగరెట్ల (వేప్‌ల) గురించి 20 నిమిషాలు మాట్లాడాలి. ఏ దేశపు అధ్యయనం తీసినా అదే వరస కనిపిస్తోంది: స్నేహితులు వాడటం, ఇంట్లో పొగతాగేవాళ్ళుండటం, పండ్ల ఫ్లేవర్లు, ఫోన్లో ప్రకటనలు, దిగులు, ఆందోళన, చేతిలో డబ్బులు, మగపిల్లలు కావడం. వీటిలో నిజంగా బరువున్నవి ఏవి? "స్నేహితుడు వాడితే ఆరు రెట్లు" లాంటి అంకెల్ని తల్లిదండ్రులకి ఎలా చెప్పాలి? మా పిల్లలతోనే ఒక చిన్న సర్వే చేయాలనుంది, అది పద్ధతిగా చేయాలంటే ఏం చూసుకోవాలి? బ్యాగులు వెతకాలని కొందరు పట్టుబడుతున్నారు, దాని మీద కూడా మీ మాట చెప్పండి.

జనారోగ్యం (బెజవాడ)

ముందు అంకెల సంగతి చూద్దాం మేడం. ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి. అమెరికాలో 2024 సర్వే ప్రకారం మిడిల్, హైస్కూల్ పిల్లల్లో 5.9 శాతం, అంటే 16.3 లక్షల మంది, గత 30 రోజుల్లో వేప్ వాడారు. యూరప్‌లో 15, 16 ఏళ్ళ వాళ్ళతో 2024లో చేసిన ఎస్పాడ్ సర్వేలో ఆ సంఖ్య 22 శాతం. మన దేశంలో 2019 నాటి గ్లోబల్ యూత్ టొబాకో సర్వేలో 13–15 ఏళ్ళ విద్యార్థుల్లో 2.8 శాతం మంది వాడామన్నారు, కానీ అది "ఎప్పుడైనా ఒక్కసారి" అన్న లెక్క. వయసు వేరు, ప్రశ్న వేరు. ఈ మూడింటినీ ఒకే స్లైడ్ మీద పక్కపక్కన పెట్టకండి. పైగా మన దగ్గర నిషేధం వచ్చింది కూడా 2019లోనే, కాబట్టి ఆ 2.8ని ఇవాళ్టి గుంటూరుకి కొలబద్దగా వాడటం కుదరదు. ప్రపంచం మొత్తానికి ఒక అంకె కావాలంటే, 13–15 ఏళ్ళ వాళ్ళలో కనీసం కోటిన్నర మంది వేప్ వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. మీటింగ్‌కి అది చాలు.

ఇక బరువు విషయం. దాదాపు ప్రతి దేశంలోనూ ముందుండేది స్నేహితులే. ఇందులో రెండు సంగతులు కలిసిపోయి ఉంటాయి. స్నేహితుడిని చూసి వీడు మొదలుపెట్టడం ఒకటి, అప్పటికే వాడుతున్నవాడు తనలాంటి వాళ్ళని వెతుక్కుని చేరడం రెండోది. ఒక్కసారి చేసిన సర్వే ఈ రెండింటినీ విడదీయలేదు. ఏడాది, రెండేళ్ళు అవే పిల్లల్ని వెంబడించిన అధ్యయనాల్లో మాత్రం రెండూ నిజమేనని తేలుతుంది. ఇంకో చిక్కుంది: స్నేహితులు నిజంగా వాడటమే కాదు, "అందరూ వాడుతున్నారు" అని పిల్లవాడు అనుకోవడం కూడా అంతే గట్టిగా ముడిపడి ఉంటుంది. అందుకే పేరెంట్స్ మీటింగ్‌లో "ఇప్పుడు పిల్లలందరూ ఇదే" అన్న మాట మీ నోట రాకూడదు. అది హాస్టల్ గదికి చేరేసరికి అనుమతి లాగా వినిపిస్తుంది.

రెండోది ఇల్లు. నాన్న, బాబాయి, అన్నయ్య ఎవరు పొగతాగినా పిల్లవాడు వేప్ పట్టే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో పొగ నిషిద్ధం అనే కట్టుబాటు ఉంటే, పెద్దవాళ్ళు బయట తాగి వచ్చినా సరే, కొంత తగ్గుతుంది. మన జిల్లాలో ఇది ఊరికే దాటేసే విషయం కాదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. పొగాకు పండించి, బేరన్ కాల్చి (కొట్టంలో వేడి పెట్టి ఆకు ఆరబెట్టి), అమ్ముకుని పిల్లల్ని చదివించిన కుటుంబాలు మీ హాలులో కూర్చుంటాయి. వాళ్ళకి పొగాకంటే పంట. "వేప్‌లో పొగాకు లేదంట కదా సార్" అని అడిగేవాళ్ళు కూడా వాళ్ళలోనే ఉంటారు. ఆకు లేని మాట నిజమే. కానీ అందులోని నికోటిన్ ఎక్కువగా ఆ ఆకు నుంచి తీసినదే. ల్యాబ్‌లో చేసిన నికోటిన్ కూడా మార్కెట్లో ఉంది, శరీరానికి రెండూ ఒకటే. పంటని తప్పుపట్టకుండా ఈ ఒక్క ముక్క చెప్పండి, వింటారు.

మూడోది, "సిగరెట్ అంత హాని కాదు" అన్న నమ్మకం. పెద్ద వయసు సిగరెట్ వ్యసనపరుడు మానడానికి వాడటం గురించి జరిగే చర్చ వేరు, ఏమీ వాడని 14 ఏళ్ళ పిల్లవాడు మొదలుపెట్టడం వేరు. మొదటిదాని కోసం చెప్పిన మాటే రీల్స్‌లో తిరిగి తిరిగి రెండోవాడికి చేరుతోంది. వేప్ వాడే పిల్లలు తర్వాత సిగరెట్ ముట్టే ముప్పు పెరుగుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయని అమెరికా నేషనల్ అకాడమీస్ 2018లోనే తేల్చింది.

ఫ్లేవర్ల గురించి చెప్పాలంటే, అమెరికాలో 2024లో వాడుతున్న పిల్లల్లో 87.6 శాతం ఫ్లేవర్ ఉన్నవే వాడారు, అన్నిటికంటే ఎక్కువ పండ్లవి. మగపిల్లలు అన్న అంశాన్ని మాత్రం నమ్ముకోకండి. చాలా దేశాల్లో అబ్బాయిలే ఎక్కువ, కానీ ఆ తేడా చెరిగిపోతున్న చోట్లు ఉన్నాయి. మన 2019 సర్వేలో మొత్తం పొగాకు వాడకం అబ్బాయిల్లో 9.6, అమ్మాయిల్లో 7.4 శాతం. గర్ల్స్ హాస్టల్‌ని మీటింగ్ నుంచి వదిలేసేంత తేడా కాదది.

ఇప్పుడు "ఆరు రెట్లు". అధ్యయనాల్లో కనిపించేది ఎక్కువగా ఆడ్స్ రేషియో, అంటే ఒక్కో గుంపులో వాడేవాళ్ళని వాడనివాళ్ళతో భాగించి, ఆ రెండు అంకెల్నీ పోల్చడం. ఊహకి ఒక లెక్క వేద్దాం. వేప్ వాడే స్నేహితుడున్న 100 మందిలో 20 మంది వాడుతున్నారు, అలాంటి స్నేహితుడు లేని 100 మందిలో నలుగురు. అవకాశం 20కి 4, అంటే అయిదు రెట్లు. ఆడ్స్ రేషియో మాత్రం 20/80ని 4/96తో భాగిస్తే వస్తుంది, అది సరిగ్గా ఆరు. వాడకం అరుదుగా ఉన్నచోట రెండూ దగ్గరగా ఉంటాయి, పెరిగేకొద్దీ ఆడ్స్ రేషియో ఉబ్బిపోతుంది. తల్లిదండ్రులకి రెట్లు వద్దు. "వందలో ఇంతమంది, వందలో అంతమంది" అనండి. పైగా స్నేహితుడున్న ఆ 100 మందిలో 80 మంది వాడటం లేదన్న సంగతి అప్పుడే కనిపిస్తుంది.

పటమట ఫిజిక్స్

పరికరం గురించి కాస్త. అది కూడా ఒక కారణమే, అధ్యయనాల పట్టికల్లో కనపడదంతే. లోపల ఉండేవి నాలుగు: లిథియం బ్యాటరీ, వేడెక్కే తీగ చుట్ట, దాన్ని తడిపి ఉంచే దూది, ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్. వాడి పారేసే రకాల్లో చాలావాటికి బటన్ ఉండదు. పీలిస్తే లోపలి సెన్సార్ గాలి ఒత్తిడిలో తేడా పట్టి తీగని వేడి చేస్తుంది. అంటే నేర్చుకోవాల్సిందేమీ లేదు. అగ్గిపెట్టె అక్కర్లేదు, బూడిద రాలదు, చేతికి వాసన పట్టదు.

అసలు కిటుకు నికోటిన్ సాల్ట్‌లో ఉంది. మామూలు నికోటిన్ క్షారగుణంతో గొంతు మండిస్తుంది, కొత్తవాడు దగ్గి వదిలేస్తాడు. దానికి బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపితే మంట తగ్గి, ఎక్కువ మోతాదు కూడా నున్నగా లోపలికి పోతుంది. మొదటి సిగరెట్‌కి వచ్చే దగ్గు చాలామందిని కాపాడేది. ఇక్కడ ఆ అడ్డు తీసేశారు. మామిడి, పుదీనా రుచి దాని మీద మూత.

లెక్క చూడండి. లేబుల్ మీద 5 శాతం అంటే మిల్లీలీటరుకి దాదాపు 50 మిల్లీగ్రాములు. వాడి పారేసే పెద్ద రకం ఒకదాంట్లో 10 మిల్లీలీటర్లుంటే మొత్తం 500 మిల్లీగ్రాములు. యూరోపియన్ యూనియన్‌లో పరిమితి మిల్లీలీటరుకి 20, ట్యాంకు 2 మిల్లీలీటర్లు, అంటే 40 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టేది సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. వేప్‌లో ఉన్నదంతా ఒంటికి పట్టదు కాబట్టి "ఒక వేప్ ఇన్ని సిగరెట్లు" అని సూటిగా భాగించి చెప్పకండి. సిగరెట్‌కి చివర ఉంటుంది, ఆర్పేస్తారు. దీనికి ఆ ఆగే చోటు లేదన్నది చెప్పండి. దొంగచాటున వచ్చే సరుకు మీద లేబుల్‌నీ నమ్మలేం. "జీరో నికోటిన్" అని రాసినవాటిలో నికోటిన్ బయటపడిన సందర్భాలున్నాయి.

వార్డెన్లకి ఒక మాట: దొరికిన దాన్ని పగలగొట్టడం, చెత్తతో కలిపి తగలబెట్టడం చేయొద్దు. లిథియం బ్యాటరీ మంట పట్టుకుంటుంది. ద్రవం చేతికి అంటితే వెంటనే సబ్బు నీళ్ళతో కడగాలి, నికోటిన్ చర్మం గుండా కూడా ఎక్కుతుంది. పొరపాటున చిన్న పిల్లలు మింగితే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

లక్ష్మీపురం బయాలజీ (గుంటూరు)

చాలా ఉపయోగంగా ఉందండి, ఇద్దరికీ ధన్యవాదాలు. సర్వే సంగతి కూడా చెప్తారా సార్? క్లాస్ టీచర్లతో కాగితాలు పంచి, రోల్ నంబర్ వేయించి, ఎవరు వాడుతున్నారో, ఎందుకు వాడుతున్నారో రాబడదామని అనుకున్నాం.

జనారోగ్యం (బెజవాడ)

రోల్ నంబర్ వేయించారంటే అందరూ "లేదు" అనే రాస్తారు మేడం, సర్వే అక్కడితో అయిపోతుంది. పేరు, నంబర్, సెక్షన్ ఏదీ వద్దు. చేతిరాత టీచర్లు గుర్తుపడతారని పిల్లలకి తెలుసు, కాబట్టి రాసే జవాబు ఒక్కటి కూడా ఉండకూడదు, అన్నీ టిక్కులే. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. క్లాస్ టీచర్ గదిలో ఉండకూడదు, వేరే క్యాంపస్ మనిషినో, బయటి కాలేజీ వాళ్ళనో పెట్టండి. కాగితం మడిచి, పిల్లవాడే అట్టపెట్టె కంతలోంచి వేయాలి. చేతికి తీసుకోవద్దు. ఏమీ వాడనివాడు రెండు నిమిషాల్లో ముగించి లేస్తే, ఇంకా రాస్తున్నవాడు ఎవరో గదంతా చూస్తుంది. అందుకని "లేదు" అన్నవాడికీ అన్నే ప్రశ్నలుండాలి: నిద్ర, ఫోన్, ఆటలు, తిండి గురించి కొన్ని కలపండి.

ప్రశ్నల మాటలు చూసుకోండి. "ఈ-సిగరెట్ వాడావా" అంటే కొందరు కాదంటారు, వాళ్ళ దృష్టిలో అది వేప్, పాడ్, పెన్ హుక్కా. పేర్లన్నీ రాసి, పక్కన చిన్న గీతబొమ్మ పెట్టండి. రెండు ప్రశ్నలు విడిగా ఉండాలి: "ఎప్పుడైనా, ఒక్క పఫ్ అయినా?" ఒకటి, "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు?" ఇంకొకటి. రెండోదానికి సున్నా, 1–2, 3–5, 6–9, 10–19, 20–29, 30 రోజులూ అని గడులివ్వండి. వారానికోసారి రుచి చూసేవాడికీ రోజూ పీల్చేవాడికీ మీరు చేయాల్సింది వేరు, గడులు లేకపోతే ఆ తేడా పోతుంది.

అల్లరికి అన్నిటికీ "అవును" కొట్టేవాళ్ళని పట్టుకోవడానికి లేని వస్తువు పేరొకటి కలపండి. యూరప్ ఎస్పాడ్ సర్వేలో "రెలెవిన్" అనే లేని మందు పేరు ఇందుకే పెట్టారు. మీరు కల్పించిన పేరు వాడామన్న కాగితాల్ని పక్కన పెట్టి, ఎన్ని అలా తీసేశారో మాత్రం లెక్క రాయండి.

ఇప్పుడు నిరాశ కలిగించే మాట. 200 మందిలో ఆరుగురు వాడామన్నారనుకోండి. అది 3 శాతం, కానీ 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే పరిధి 1.4 నుంచి 6.4 దాకా. వచ్చే ఏడాది తొమ్మిది మంది వస్తే "పెరిగింది" అనలేరు. ఇక ఆ ఆరుగురితో "కారణాలు" అసలు తేలవు. ఒక్కో అంశాన్ని లెక్కలో పెట్టడానికి కనీసం పది మంది వాడేవాళ్ళుండాలన్నది మా రంగంలో మోటు లెక్క. అంటే ఎందుకు వాడుతున్నారన్నది మీ సర్వే చెప్పలేదు, దానికి పెద్ద అధ్యయనాలే దిక్కు. మీ సర్వే చెప్పగలిగింది వేరే ఉంది, అది మీకు ఎక్కువ పనికొస్తుంది: ఎక్కడ దొరుకుతోంది, ఎవరు ఇచ్చారు, మొదటిసారి ఎక్కడ – హాస్టల్లోనా, సెలవులకి వెళ్ళిన ఊళ్ళోనా, ఔటింగ్ రోజునా. ఈ ప్రశ్నలు వాడనివాళ్ళని కూడా అడగొచ్చు: "నీకు కావాలంటే ఎంత తేలిగ్గా దొరుకుతుంది?" అప్పుడు 200 జవాబులూ మీకు పనికొచ్చినట్టే.

ఏ తరగతిలోనైనా అయిదుగురి కంటే తక్కువ వస్తే ఆ తరగతి అంకె విడిగా చెప్పొద్దు. తల్లిదండ్రులకి ముందే ఉత్తరం పంపండి, ఇష్టం లేని పిల్లవాడు ఖాళీ కాగితం వేసే స్వేచ్ఛ ఉండాలి. బయట ఎక్కడైనా ప్రచురించే ఆలోచన ఉంటే నైతిక కమిటీ అనుమతి సర్వేకి ముందే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు.

కోర్టు సెంటర్ (గుంటూరు)

చట్టం సంగతి నాలుగు ముక్కల్లో. 2019 ఈ-సిగరెట్ల నిషేధ చట్టం తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు అన్నిటినీ ఆపింది, ఆన్‌లైన్ అమ్మకంతో సహా. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ, మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. నిల్వకి ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా లేదా రెండూ. పీల్చినందుకు అని విడిగా శిక్ష అందులో రాయలేదు. కాబట్టి "పోలీసులకి పట్టిస్తాం" అని పిల్లల్ని బెదిరించడం తగదు. ఆ చట్టం గురిపెట్టింది అమ్మేవాడిని. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారికి సోదా అధికారం ఉంది. ఏ కొట్టులో, ఏ సమయంలో అన్నది రాతపూర్వకంగా ఇవ్వండి, పిల్లవాడి పేరు రాయకండి.

మామూలు సిగరెట్లకి 2003 పొగాకు ఉత్పత్తుల చట్టం ఆరో సెక్షన్ ఉంది: 18 లోపు వాళ్ళకి అమ్మకూడదు, విద్యాసంస్థకి వంద గజాల లోపల అసలు అమ్మకూడదు. గేటు నుంచి టేపు పట్టి కొలిచి, లోపల కిళ్ళీ కొట్లు ఎన్నున్నాయో చూడండి. వేప్ దొరికే చోటు చాలాసార్లు సిగరెట్ దొరికే చోటే.

ఒక్క దారి మూస్తే ఇంకోటి తెరుచుకోవడం మాత్రం మర్చిపోవద్దు. అమెరికాలో 2020 మొదట్లో ఫ్లేవర్ కార్ట్రిడ్జిల (అయిపోతే మార్చుకునే ద్రవం గొట్టాల) మీద అధికారులు పడ్డారు, వాడి పారేసే రకాన్ని వదిలేశారు. హైస్కూల్ వాడకందారుల్లో ఆ రకం వాడేవాళ్ళు 2019లో 2.4 శాతం, 2020లో 26.5 శాతం.

మనసు వైద్యం (గుంటూరు)

దిగులు, ఆందోళన అన్న అంశం మీద నా మాట. ఇది రెండు వైపులా నడుస్తుంది. ఆందోళన ఉన్న పిల్లలు ఎక్కువగా మొదలుపెడతారు, మొదలుపెట్టాక ఆందోళన పెరుగుతుంది కూడా. నికోటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి రెండు గంటలు పడుతుంది. మూడు గంటల స్టడీ అవర్‌లో రెండో గంట దాటాక వాడికి చిరాకు మొదలవుతుంది, ఒకే పేరా నాలుగుసార్లు చదువుతాడు, కాళ్ళు ఊపుతాడు, బాత్రూమ్ అని లేస్తాడు. వచ్చాక నెమ్మదిస్తాడు. "టెన్షన్‌కి ఇది పనిచేస్తోంది" అని వాడికి తేలిపోతుంది, కానీ ఆ టెన్షన్‌లో పెద్ద భాగం అది తెచ్చిపెట్టిందే. ఈ లక్షణాలు చూసి మాత్రం ఎవరినీ అనుమానించకండి. పరీక్ష భయం ఉన్నవాడు, ఏకాగ్రత లోపం ఉన్నవాడు కూడా అచ్చం ఇలాగే ఉంటారు. నిజానికి ఏకాగ్రత లోపం, తొందరపాటు స్వభావం ఉన్న పిల్లలు వేప్‌కి తేలిగ్గా చిక్కుతారు, కాబట్టి ఇద్దరూ ఒకడే కూడా కావచ్చు.

సర్వేలో దిగులు మీద ప్రశ్నలు పెడితే ఒక బాధ్యత ఉంటుంది. పేరు లేని కాగితంలో ఎవరైనా తీవ్రమైన జవాబు రాస్తే మీరు ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళలేరు. అందుకని సర్వే రోజున అందరికీ ఒకే చీటీ ఇచ్చి పంపండి: మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు, పొగాకు మానేందుకు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356.

బ్యాగులు వెతకడం వద్దనే చెప్తాను. పెన్‌డ్రైవ్ అంత వస్తువు ఎక్కడైనా దాగుతుంది. సోదా మొదలైన వారంలో అది బ్యాగులోంచి బాత్రూమ్ వెంటిలేటర్‌కి మారుతుంది, మీ దగ్గరికి వచ్చి చెప్పుకునేవాడు రావడం మానేస్తాడు. మూత్ర పరీక్ష సంగతి కూడా అంతే. కొటినిన్ (నికోటిన్ ఒంట్లో మారి అయ్యే పదార్థం) మూడు, నాలుగు రోజుల వరకు కనిపిస్తుంది గానీ, వేప్‌దో, సిగరెట్‌దో, ఖైనీదో చెప్పలేదు.

పిల్లవాడు దొరికినప్పుడో, తానే వచ్చినప్పుడో మొదటి ప్రశ్న "ఎవరిచ్చారు" కాకూడదు. "పొద్దున లేచాక ఎంతసేపటికి?" అని అడగండి. అయిదు నిమిషాల్లో అంటే పట్టు గట్టిగా ఉన్నట్టు. రాత్రి దాని కోసం మెలకువ వస్తోందా, ఒకటి కొంటే ఎన్ని రోజులొస్తోంది, ఇవి తర్వాత. రోజూ వాడేవాడిని సస్పెండ్ చేసి ఇంటికి పంపితే, మానడంలో అత్యంత కష్టమైన మొదటి మూడు రోజులు వాడు ఫోన్‌తో ఒంటరిగా గడుపుతాడు. చిరాకు, నిద్రలేమి, ఆకలి రెండో మూడో రోజున తారస్థాయికి వెళ్ళి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఈ మాట వాడికీ, తల్లికీ ముందే చెప్పాలి. లేకపోతే మూడో రోజు చిరాకు చూసి "మానినా ప్రయోజనం లేదు" అనుకుంటారు.

నికోటిన్ గమ్, మాత్రలు 18 లోపు వాళ్ళకి డాక్టర్ చూడకుండా ఇవ్వొద్దు. అమెరికాలో 13–17 ఏళ్ళ వాళ్ళకి రోజూ ఫోన్‌కి మెసేజ్‌లు పంపే కార్యక్రమంతో ఏడు నెలలకి 37.8 శాతం మంది మానారు, అది అందనివాళ్ళలో 28 శాతం. మందు లేకుండా, కేవలం రోజూ పలకరింపుతో వచ్చిన తేడా అది. హాస్టల్లో ఫోన్లుండవు కాబట్టి ఆ పని ఒక మనిషి చేయాలి.

లక్ష్మీపురం బయాలజీ (గుంటూరు)

బ్యాగుల సోదా ఆపించేస్తానండి. మానే తేదీ పెట్టుకోవాలంటే హాస్టల్ పిల్లవాడికి ఏ రోజు మంచిది?

మనసు వైద్యం (గుంటూరు)

ఈఏపీసెట్‌కి, పబ్లిక్ పరీక్షలకి ముందు నాలుగు వారాలూ వద్దు మేడం. సెలవులకి ఇంటికి వెళ్ళే రోజూ వద్దు, పాత స్నేహితులు, ఖాళీ సమయం రెండూ అక్కడే ఉంటాయి. సెలవుల నుంచి తిరిగొచ్చి వారం గడిచాక, వీక్లీ టెస్ట్ అయిపోయిన మర్నాడు పెట్టించండి. మొదటి వారం స్టడీ అవర్‌లో ప్రతి గంటకీ అయిదు నిమిషాలు లేచి మెట్లు దిగి, నీళ్ళు తాగి వచ్చే వీలు కల్పించండి. కోరిక వచ్చి పోయేది కొన్ని నిమిషాలే. వాడొక్కడినే లేపితే గదంతా గమనిస్తుంది, ఆ అయిదు నిమిషాలు మొత్తం సెక్షన్‌కి ఇవ్వండి.